బిల్డ్ నడుస్తోంది

లిఫ్టులు నడిపే కోడ్ రాసే ఆఫీసులో చిట్టచివర మెషిన్ల గది. భోజనాల వేళ దాటింది. తెర ముందు ఇద్దరు: ఏళ్ళ తరబడి అక్కడే పనిచేస్తున్న పెద్దాయన, పొద్దున్నే రైలు దిగి తిన్నగా ఇక్కడికే వచ్చిన అమ్మాయి.

"బిల్డ్ మళ్ళీ చచ్చిందండీ."

"చచ్చిందా? పోన్లే అమ్మా. కాస్త చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెడదాం. ఆ ఫ్యాన్ చప్పుడు విను, పాపం ఎలా ఆయాసపడుతోందో."

"ఫ్యాన్ కాదండీ. కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చేటప్పుడు కంపైలర్ ఉన్న మెమరీ అంతా మింగేసింది. ఇక చాల్లే అని సిస్టమే దాన్ని చంపేసింది. ఇదిగో, చంపేశానని రాసి కూడా పెట్టింది."

"అయితే ఇంకాస్త మెమరీ పెట్టిస్తే సరి."

"ఇప్పటికే రెండు సార్లు పెట్టించారట కదా. ఎంత పెడితే అంత తింటోంది. కడుపు కాదది, బావి."

"డిస్క్ కూడా పాతదేనమ్మా. ఒకసారి దాన్ని..."

"డిస్క్ చూశాను. యాంటీవైరస్ చూడమన్నారు, అదీ చూశాను. కేబుల్ కూడా పీకి పెట్టాను. పొద్దుట్నుంచి మీరు చూడమన్నవన్నీ చూశాను. ఇప్పుడు నేను చూడాలనుకున్నది చూస్తాను, సరేనా?"

"కోపమొచ్చిందా తల్లీ?"

"కోపం కాదండీ, నిద్ర. పోయిన వారమంతా ఇంకో ఊళ్ళో ఇలాంటి పనే. రైల్లో నిద్రపట్టలేదు. ఈ పని తెమిల్చి, సాయంత్రానికి పైవాళ్ళకి రిపోర్ట్ పంపేసి, ఎక్కడో ఓ చోట పడుకోవాలి."

"అయ్యో. టీ తాగుతావా? పక్క వీధిలో బాగుంటుంది. వెళ్ళొద్దాం పద. తొందరేముంది?"

"తొందరుందండీ. ఆసుపత్రి లిఫ్టు కోసం సరిచేసిన కోడ్ ఇవాళ వెళ్ళాలని అందరూ నా నెత్తిన కూర్చున్నారు. ఏ ఫైలుకి ఎంత సేపు పడుతుందో వేరువేరుగా చెప్పమని కంపైలర్‌కి చెప్పాను. చూడండి. ఇది రెప్పపాటు. ఇదీ అంతే. ఇవన్నీ అంతే. ఇదిగో, ఈ ఒక్కదాని దగ్గర మాత్రం చతికిలబడిపోతోంది."

"ఏది?"

"మీకు కనబడుతూనే ఉందిగా. ఏ లిఫ్టు ఏ అంతస్తుకి వెళ్ళాలో తేల్చేది."

"అది ముట్టుకోకమ్మా."

"ఏం?"

"అది పాతది. అందరి చేతులూ పడ్డాయి దాంట్లో. ఒకటి కదిపితే పది కదులుతాయి."

"కదపను, చూస్తాను. మొత్తం ఒక్కటే ఫంక్షనా ఇది? ఒక్కటే? ఏవండీ, కిందకి లాగుతున్నాను, లాగుతున్నాను, వేలు నొప్పెడుతోంది, దీనికి చివర లేదా?"

"ఉంది, ఉంది. ఇంకా కిందకి."

"ఎవరు రాశారండీ ఇలా? తిట్టడానికి కాదు, ఊరికే అడుగుతున్నాను."

"మొదట్లో చిన్నదేనమ్మా. నేనే రాశాను, ఒక్క తెరలో పట్టేది. తరవాత ఈ రూలొచ్చింది. కొత్త ఫంక్షన్ రాస్తే కమిటీ ముందు పెట్టాలి. వాళ్ళు కూర్చోవాలి, ప్రశ్నలడగాలి, సంతకాలు పెట్టాలి, నెలలు పడుతుంది. అదే, ఆమోదం పొందిన పాత ఫంక్షన్‌లో నాలుగు లైన్లు కలిపితే ఎవరూ అడగరు."

"అందుకని అందరూ దీంట్లోనే పడేశారు."

"కొత్త బిల్డింగ్ వచ్చిన ప్రతిసారీ. ఇది చూడు, ఈ బిల్డింగ్‌లో మధ్యాహ్నం పూట నాలుగో అంతస్తులో ఆగకూడదు. ఎందుకో తెలుసా? ఓనర్ గారి అత్తగారు అక్కడ కునుకు తీస్తుంది. లిఫ్టు గంట మోగితే ఇల్లు పీకి పందిరేస్తుంది."

"అబ్బ! ఆవిడ ఇంకా ఉందా?"

"ఆవిడా లేదు, ఆ బిల్డింగూ లేదు. కూల్చేశారు. రూలుంది. తీసెయ్యాలన్నా కమిటీ ముందుకి వెళ్ళాలిగా."

"నవ్వించకండి, నవ్వితే ఇంకా నిద్రొస్తోంది. సరే, ఇప్పుడు ఆప్టిమైజేషన్ తీసేసి నడుపుతాను. కోడ్‌ని చిన్నగా, చురుగ్గా చెయ్యొద్దు, ఉన్నది ఉన్నట్టు మార్చిపెట్టు చాలు అని చెప్తున్నా. చూడండి, అయిపోయింది! మెమరీ కూడా పెద్దగా తినలేదు."

"అలా పంపలేం. లిఫ్టు పైన ఉండే సర్క్యూట్ బోర్డు ఇంత చిన్నది. దాంట్లో పట్టదు."

"పంపడానికి కాదండీ. రోగం ఎక్కడుందో తెలియడానికి. అంటే చదవడంలో ఇబ్బంది లేదు. కుదించేటప్పుడే తన్నుకుంటోంది. ఇప్పుడు సగం బిల్డింగులు తీసేసి నడుపుతాను."

"ఊఁ."

"ఇదంతా పూర్తయ్యే రోజుల్లో ఎంతసేపు పట్టేదన్నారు?"

"భోజనం చేసొచ్చి మొదలుపెడితే సాయంత్రం అందరూ ఇళ్ళకి వెళ్ళే వేళకి."

"అయితే సగానికి ఎంత పడుతుందంటారు?"

"పావు వంతు."

"పావా?"

"అంటే... ఏదో నోటికొచ్చింది అన్నాను. సగం. సగం పడుతుంది."

"ముందు పావన్నారు."

"ఏదో ఒకటిలే అమ్మా. టీ తెప్పించనా?"

"నేను వెళ్ళిన ప్రతి చోటా ఇదే ప్రశ్న అడుగుతానండీ. అందరూ సగమే అంటారు. సగం పనికి సగం టైం, ఎవరైనా అంతే అనుకుంటారు. పావు అని ఠక్కున చెప్పేది కోసి చూసినవాళ్ళే. మీరు ముందే కోసి చూశారు కదూ?"

"ఏదో చదివినట్టు గుర్తు. ఎక్కడో."

"నీళ్ళు నమలకండి. పొద్దున ఫ్యానన్నారు, తరవాత డిస్కన్నారు, కేబులన్నారు. ఆ ఫైలు పేరు వినగానే ముట్టుకోకు అన్నారు. కంపైలర్‌కి టైం ఎక్కడ పోతోందో మీకు తెలుసు."

"తెలుసమ్మా."

"చెప్పండి మరి, ఎక్కడ?"

"పరీక్ష పెడుతున్నావా? విలువలు దాచుకునే ఈ వేరియబుల్స్ దగ్గర. ఒక ఫంక్షన్‌లో ఉన్నవన్నీ ఒక గదిలో జనం లాంటివాళ్ళు. ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో తేల్చాలంటే, ప్రతివాణ్ణీ మిగతా ప్రతివాడితోనూ కలిపి చూడాలి, వీళ్ళిద్దరూ ఒకే సమయంలో ఉంటారా, ఉండరా అని. జనం రెట్టింపయితే పని నాలుగింతలు. వాళ్ళని వేరువేరు గదుల్లో కూర్చోబెడితే ఏ గొడవా లేదు."

"నేను రిపోర్ట్‌లో రాయాల్సింది అంతా చెప్పేశారు. ఎప్పట్నుంచి తెలుసు?"

"చాన్నాళ్ళయింది."

"మరి ఎందుకు బాగుచెయ్యలేదండీ? కమిటీకి భయపడా?"

"కమిటీ ఏం చేస్తుంది? నెలలు పట్టినా వాళ్ళు ఒప్పుకునేవాళ్ళే."

"మరి? ఇలా చూడండి. నేను పోలీసుని కాదు. నన్ను పిలిచింది మెషిన్ని చూడమని."

"ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్యి. మేనేజర్ గదికి మాట వినిపిస్తుంది."

"వేశాను."

"సీట్లోంచి లేచి వెళ్తే ఇక్కడ తెర మీద కారణం నొక్కాలి. భోజనం, మీటింగు, బాత్రూము, బిల్డ్. మిగతావాటికి ఇంత సేపని హద్దుంది. దాటితే పైవాళ్ళకి ఎర్రగా కనబడుతుంది. బిల్డ్‌కి మాత్రం హద్దు పెట్టలేదు. బిల్డ్ నడుస్తుంటే మనిషేం చేస్తాడు, మెషిన్‌కి విసనకర్ర పట్టుకుని విసురుతాడా, అనుకున్నారేమో."

"మీరు బయటికి వెళ్ళేవారు. ఎక్కడికి?"

"ఆసుపత్రికి. మా ఆవిడ అక్కడుంది. ఓ రోజు పొద్దున్నే దువ్వెన చేతిలోంచి జారి పడింది. వంగి తీసుకోబోతే మనిషీ పడింది. కుడి చెయ్యి పోయింది. మాట పోయింది."

"అయ్యో."

"మాట నేర్పించే ఆవిడ మధ్యాహ్నం పూటే వస్తుంది. ఇంటి మనిషి పక్కనుండాల్సిందే అంటుంది. తెలిసిన గొంతు వింటే త్వరగా అందుకుంటారట. మా ఇద్దరికీ ఇంకెవరున్నారు? నాకు మా ఆవిడ, ఆవిడకి నేను. డాక్టరేమో ఈ కొన్నాళ్ళే అన్నాడు, ఇప్పుడు రాని మాట ఇక రావడం కష్టమని. సెలవులన్నీ మొదట్లోనే అయిపోయాయి. పడ్డ కొత్తలో రాత్రీ పగలూ అక్కడే ఉన్నానుగా."

"అడిగి చూశారా?"

"ఎవర్ని? ఆ మేనేజర్నా? మొహం ఎత్తి నా వంక చూడడు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ గది తలుపు ధడాలున వేసేసుకుంటాడు. పైవాళ్ళు వేగమైన కొత్త మెషిన్ ఇస్తామంటే, అక్కర్లేదు, ఉన్నది చాలన్నాడట. అంత పిసినారి. అలాంటివాణ్ణి ఏమని అడగను?"

"అందుకని దీన్ని ఇలాగే వదిలేశారు."

"వదిలేశాను. భోజనం వేళకి బిల్డ్ మొదలుపెట్టి, కారణం నొక్కి, వెళ్ళేవాణ్ణి. అది ముగిసే లోపు వచ్చేసేవాణ్ణి. ఎవరికీ నష్టం లేదనుకున్నాను."

"మరి ఇప్పుడెందుకు చస్తోంది?"

"అదేనమ్మా నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి. ఆ ఆసుపత్రిలో లిఫ్టు మనదే. చక్రాల కుర్చీలో తీసుకెళ్తుంటే ప్రతి అంతస్తులోనూ ఆగుతుంది. ఆగినప్పుడల్లా మా ఆవిడ ఎడమ చెయ్యెత్తి నా వైపు వేలు చూపిస్తుంది, మీరు రాసిందేగా అని. చూపించి నవ్వుతుంది. మాట రాదు గాని నవ్వు వస్తుంది. నాకు సిగ్గేసింది. రోగి ఉన్న కుర్చీ ఎక్కితే మధ్యలో ఆగకూడదని నాలుగు లైన్లు రాసి దీంట్లో కలిపాను. ఆ నాలుగు లైన్లతో అంచు దాటింది. మెమరీ చాల్లేదు. నిన్ను పిలిచారు."

"ఆవిడ కోసం రాసిన లైన్లే..."

"ఊఁ. కొన్ని మాటలొచ్చాయి తెలుసా. నీళ్ళు అంటుంది. చాలు అంటుంది. నిన్న నన్ను చూసి 'వచ్చావా' అంది. పెళ్ళయినప్పట్నుంచీ 'మీరు' అనే మనిషి! ఏమే, మర్యాద కూడా పోయిందా అన్నాను. మళ్ళీ నవ్వింది."

"ఇవాళ వెళ్ళలేదుగా మీరు. నేనొచ్చి కూర్చున్నానని."

"వెళ్ళలేదు. తలుపు వైపు చూస్తూ కూర్చుని ఉంటుంది. నువ్వేం మొహం అలా పెట్టకు. నీ పని నువ్వు చెయ్యి."

"నా మాట వినండి. మెమరీకీ టైంకీ వేరువేరు మందులున్నాయి. మెమరీ తినే దశ ఒక్కటి ఆపేస్తాను. అప్పుడిది చావదు. నిదానంగా, ఎప్పటిలాగే సాయంత్రానికి ముగుస్తుంది. ఆసుపత్రి కోడూ వెళ్తుంది, మీ మధ్యాహ్నాలూ ఉంటాయి. రిపోర్ట్‌లో, పెద్ద ఫంక్షన్, దాని స్వభావమే అంత, అని రాస్తాను."

"అబద్ధం రాస్తావా?"

"అబద్ధం కాదు. సగం నిజం. రాస్తాను."

"నీ ఉద్యోగం?"

"నేనెలాగూ అలిసిపోయాను దీంతో."

"అలా అనకూడదు, చిన్నదానివి. సరే, కానియ్యి. కానీ ముందు ఒక్కసారి..."

"ఊఁ?"

"ఒక్కసారి సరిగ్గా కోసి నడిపి చూపిస్తావా? పంపొద్దు. ఊరికే. సగం, పావు వరకే చూశాను నేను. అన్ని గదులూ విడదీస్తే ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. చూస్తే బాగుచెయ్యకుండా ఉండలేనేమో అని భయపడ్డాను."

"చూపిస్తాను. ప్రతి బిల్డింగూ ఒకే రకం లైనుతో మొదలవుతోంది, కొయ్యడం తేలికే. దేనికది వేరే ఫంక్షన్. అందరికీ కావలసిన వేరియబుల్స్ అన్నీ ఒక మూట కట్టి చేతికిద్దాం. మీరు చెప్పండి, ఇది ఎవరిది?"

"అది అందరిదీ. మూటలో పెట్టు. ఇది అక్కర్లేదు, ఆ అత్తగారిది. ఇది గ్యారేజీ ఉన్నవాళ్ళకి మాత్రమే. ఆఁ, అది తొందరపడి తీసెయ్యకు, తలుపు మూసుకునేటప్పుడు చూసేది అదే."

"పెట్టాను. కోసేశాను. నడుపుతున్నా... అదేంటి, మళ్ళీ మెమరీ పెరుగుతోంది!"

"పెరుగుతోందా?"

"ఆగండి, ఆగండి. ఓహో! ప్రతి ముక్కనీ ఒక్క చోటి నుంచే పిలుస్తున్నాం కదా. ఒక్క చోట వాడేదానికి వేరే గది ఎందుకని, మనం కోసిన ముక్కలన్నీ తీసుకెళ్ళి మళ్ళీ అతికించేసుకుంటోంది."

"మనవాళ్ళ లాగే ఉందే! గోడ కడితే పడగొట్టి మళ్ళీ ఒకే గదిలో చేరడం."

"అతికించొద్దని ప్రతి ముక్క నెత్తినా రాస్తున్నా. రాశాను. ఇప్పుడు చూడండి."

"ఆ టీ గ్లాసు ఇలా ఇవ్వు, ఎప్పుడు తెచ్చారో... ఏదీ, మొదలైందా?"

"అయిపోయింది."

"మొదలవడమా అమ్మా?"

"ముగియడమే. అయిపోయింది."

"నేనింకా గ్లాసు నోటి దగ్గరికి కూడా తీసుకెళ్ళలేదు. తప్పులేమైనా?"

"ఒక్కటీ లేదు. బోర్డులో కూడా పడుతుంది, చోటు మిగిలింది."

"ఇంకోసారి నడుపు."

"ఇదిగో."

"అబ్బ... ఇంకోసారి."

"ఎన్నిసార్లండీ?"

"చూడనీ తల్లీ. నేను రాసినప్పుడు ఇలాగే ఉండేది. ఇలాగే పరిగెత్తేది. మర్చేపోయాను. సంతోషంగా ఉందమ్మా. ఏడుపు కూడా వస్తోంది, ఏం అనుకోకు."

"ఏమీ అనుకోను. సరే, చూశారుగా. ఇక ఇది పక్కన పడేసి, నేను చెప్పిన మందు వేస్తాను. అడుగుల చప్పుడు... ఎవరో వస్తున్నారు."

"మేనేజర్. ఈయనకి ఇప్పుడే రావాలా!"

"మీరు మాట్లాడకండి. నేను చూసుకుంటా."

"ఏమైందమ్మా? పైవాళ్ళు అడుగుతున్నారు. తేలిందా?"

"తేలిందండీ మేనేజర్ గారూ. ఒక ఫంక్షన్ మరీ పెద్దది. కంపైలర్ దాన్ని కుదించబోయి మెమరీ అంతా వాడేస్తోంది. ఒక దశ ఆపేస్తే బిల్డ్ చావదు. ఆసుపత్రి కోడ్ ఇవాళే వెళ్తుంది."

"మంచిది. మరి టైం?"

"టైం... టైం పెద్దగా తగ్గదండీ. సాయంత్రం దాకా పట్టొచ్చు. దాని స్వభావం..."

"కాదు సార్."

"ఏవండీ, మీరు..."

"నువ్వాగమ్మా. అమ్మాయి నా మీద జాలితో అలా అంటోంది సార్. రెండు నిమిషాలు కూడా పట్టదు. ఇప్పుడే చూశాను. విడదీస్తే చాలు. కమిటీకి నేనే చెప్తాను, ఆ కాగితాలన్నీ నేనే పెడతాను."

"రెండు నిమిషాలా!"

"సగం మందేసి వదిలేస్తే, ఇంకో రెండు బిల్డింగులు చేరగానే మళ్ళీ చస్తుంది సార్. అప్పటికి నేనుంటానో లేదో, ఇంకెవరి నెత్తినో పడుతుంది. నాకు చాన్నాళ్ళుగా తెలుసు. నా అవసరం కొద్దీ నోరు మూసుకున్నాను. ఇప్పుడది అలా పరిగెత్తడం చూశాక మళ్ళీ కాళ్ళు కట్టి పడెయ్యలేను. ఏం చేస్తారో చెయ్యండి."

"మేనేజర్ గారూ, ఆయన తప్పేమీ లేదండీ. నేను రిపోర్ట్‌లో..."

"ఇంకెవరికైనా చెప్పావా అమ్మా, ఈ రెండు నిమిషాల సంగతి?"

"ఇంకా లేదండీ."

"రెండు నిమిషాలు... కొత్త మెషిన్ వద్దని పైవాళ్ళతో ఎంత పోట్లాడాను! అయితే రేపట్నుంచి మీరు ఆసుపత్రికి వెళ్ళాక వాళ్ళు ఫోన్ చేస్తే, బిల్డ్ నడుస్తోందని చెప్పడానికి లేదుగా, ఇక నేనేం చెప్పను బాబాయ్ గారూ?"